వెండి సామానుకు పాలిష్ గుడ్డ: వాడే తీరు, వాడకూడని చోట్లు

శ్రావణమాసం దగ్గర పడగానే మన ఇళ్లలో బీరువా అడుగు అరలో ఉన్న వెండి సామాను బయటికి వస్తుంది. కలశం చెంబు, కుందులు, హారతి పళ్లెం, కుంకుమ భరిణె, పన్నీరు బుడ్డి, పిల్లల అన్నప్రాశన నాటి గిన్నె, అన్నీ ఒక పాత పంచెలో మూటగా ఉంటాయి. మూట విప్పితే ఒకటి లేత పసుపుగా, ఒకటి తేనె రంగులో, మరొకటి నీలి నలుపుగా కనిపిస్తుంది. వ్రతం ఎల్లుండి కనుక చేతికి ఏది అందితే దానితో, విభూతితోనో పళ్లపొడితోనో గిన్నెలు తోమే పౌడరుతోనో, చెయ్యి నొప్పి పుట్టేదాకా తోమేస్తాం. వెండి తెల్లబడుతుంది, మనసు కుదుటపడుతుంది. అయితే ఆ తోమడంలో వెండి కొంత పోతుంది, అది మళ్లీ రాదు.

మా అమ్మమ్మ గారి కుంది అడుగున పెళ్లినాడు చెక్కించిన పొడి అక్షరాలు రెండు ఉండేవి. యాభై ఏళ్లు ఏటేటా విభూతితో తోమిన తరువాత ఆ కుంది మా ఇంటికి వచ్చేసరికి అవి కంటికి కనిపించడం మానేశాయి. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే మొదటి అక్షరం కొమ్ము మాత్రం ఒక గీతలా మెరుస్తుంది, రెండవ దాని జాడ లేదు. అప్పటి నుంచి మా ఇంట్లో వెండిని తోమడం మానేశాం, తుడవడం మొదలుపెట్టాం. అందుకు మేము వాడేది మందు పట్టించిన పాలిష్ గుడ్డ. దాన్ని సరిగా వాడితే వెండికి జరిగే నష్టం చాలా తక్కువ. సరిగా వాడకపోతే అది కూడా పళ్లపొడి చేసే పనే చేస్తుంది. అందువల్ల ముందు ఆ గుడ్డలో ఏముంటుందో తెలుసుకోవాలి.

వెండి నల్లబడేది గాలిలో ఉన్న గంధకపు వాయువుల వల్ల, ముఖ్యంగా హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల. ఆ వాయువు వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అనే పొరగా మారుతుంది. పొర పలుచగా ఉన్నప్పుడు పసుపుగా, మందమవుతున్న కొద్దీ గోధుమగా, నీలంగా, చివరికి నల్లగా కనిపిస్తుంది. పసుపు దశలో దాని మందం మిల్లీమీటరులో పదివేలో వంతు కూడా ఉండదు. ఇక్కడ గుర్తుంచుకోవలసిన లెక్క ఒకటుంది. ఆ నల్లని పదార్థం బరువులో సుమారు 87 శాతం వెండే. అంటే తుడిచిన తరువాత గుడ్డకు అంటిన నలుపు బయటి నుంచి వచ్చి పడిన మురికి కాదు, మన పళ్లెంలోని వెండి. పొర పసుపుగా ఉండగానే తుడిస్తే పోయేది లెక్కలోకి రాదు. నల్లబడేదాకా ఊరుకుంటే అంత మందం వెండీ పోతుంది, దాన్ని వదిలించడానికి గట్టిగా రుద్దే రుద్దుడులో కింద ఉన్న మంచి వెండి కూడా కొంత పోతుంది. పాలిష్ గుడ్డ వాడకంలోని కిటుకంతా ఇదే: ఆలస్యం చేయకుండా, తరచుగా, తేలికగా తుడవాలి.

బజారులో దొరికే పాలిష్ గుడ్డలన్నీ ఒకటి కావు. నగల దుకాణాల్లో ఎక్కువగా ఇచ్చేది పుస్తకంలా మడిచిన రెండు పొరల గుడ్డ. లోపలి పొరలో మెత్తని రాపిడి పొడి పట్టించి ఉంటుంది. చాలా వాటిలో అది స్వర్ణకారులు మెరుగు పెట్టడానికి వాడే ఎర్రని ఐరన్ ఆక్సైడ్ పొడే. బయటి పొర మామూలు మెత్తని నూలు గుడ్డ, చివరి తుడుపు కోసం. రెండవ రకం గుడ్డల్లో పొడితో పాటు వెండి పైభాగాన్ని అంటిపెట్టుకుని ఉండే రసాయనం కూడా ఉంటుంది. దాని అణువులకు ఒక కొసన గంధకం ఉంటుంది. ఆ కొస వెండిని పట్టుకుంటే మిగిలిన తోక నూనె పూతలా పైకి నిలబడి గాలిలోని గంధకాన్ని లోపలికి రానివ్వదు. వెండిని నల్లబరిచే గంధకమే ఇక్కడ వెండికి కాపలా కాస్తుంది. మూడవ రకం డబ్బాలో తడిగా ఉండే దూది లేదా గుడ్డ, అందులో పెట్రోలియం ద్రావకం కలిసి ఉంటుంది, ఎక్కువగా ఇత్తడి, రాగి వస్తువుల కోసం. ఇవి గాక తుడవడానికి కాక చుట్టిపెట్టడానికి మాత్రమే పనికివచ్చే గుడ్డ ఒకటుంది, దాని సంగతి దాచిపెట్టే చోట చెబుతాను. కొనేటప్పుడు అట్ట మీద ఏ లోహానికి అని రాసి ఉందో చదవాలి. ఏ లోహానికో రాయని గుడ్డను వెండి మీద వాడకపోవడమే మంచిది.

ఇక పని మొదలుపెట్టే ముందు సామానును వేరు చేసుకోవాలి. దుమ్ము, కుంకుమ, నూనె జిడ్డు, కర్పూరం మసి ఉన్న వస్తువు మీద పాలిష్ గుడ్డ పెట్టనే కూడదు. గుడ్డకు జిడ్డు తీసే శక్తి లేదు, పైగా ఆ జిడ్డు గుడ్డలోని పొడిని ముద్ద చేసి దాన్ని పాడు చేస్తుంది. దుమ్ము ఇంకా ప్రమాదం. ఖనిజాల గట్టితనాన్ని కొలిచే మోస్ కొలతలో వెండి మూడుకు లోపే ఉంటుంది, ఇసుక రేణువు ఏడు. గుడ్డకూ పళ్లేనికీ మధ్య ఒక్క ఇసుక రేణువు చిక్కినా పళ్లెం మీద గీత పడుతుంది, ఆ గీత పోవాలంటే చుట్టూ ఉన్న వెండిని కూడా అరగదీయాలి. కనుక ముందు గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు ద్రవం వేసి, మెత్తని నూలు గుడ్డతో కడిగి, మంచి నీళ్లతో జాడించి, వెంటనే తడి లేకుండా తుడవాలి. కుందిలో ఎండిపోయిన నూనె పెచ్చులా గట్టిపడితే స్పూనుతో గీకకూడదు, ఇంకాస్త వెచ్చని సబ్బునీళ్లు పోసి పావుగంట నాననిస్తే వేలికే వచ్చేస్తుంది. స్టీలు పీచు, పచ్చ స్క్రబ్బరు ఈ దరిదాపుల్లో ఉండకూడదు. చెంబు మెడలో, పట్టీల మువ్వల్లో తడి మిగిలిపోతుంది కాబట్టి వాటిని ఒక గంట ఫ్యాను కింద ఆరనివ్వాలి.

చేతులకు నూలు తొడుగులు వేసుకుంటే మంచిది, ఎందుకంటే చెమటలోని ఉప్పు వేలిముద్రల రూపంలో మెరుగు పెట్టిన వెండి మీద నిలిచి తరువాత మచ్చలుగా తేలుతుంది. గిన్నెలు కడగడానికి వాడే రబ్బరు తొడుగులు మాత్రం వద్దు. రబ్బరును గట్టిపరచడానికి గంధకం కలుపుతారు. ఈ పాఠం నేను పళ్లెం మీద కాదు, గ్లాసు మీద నేర్చుకున్నాను. ఒక ఏడాది మా వెండి గ్లాసును శుభ్రంగా తుడిచి, కాగితం చుట్టి, ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేసి దాచాను. ఆరు నెలల తరువాత తీసి చూస్తే గ్లాసంతా తెల్లగానే ఉంది, బ్యాండు ఉన్న చోట మాత్రం గ్లాసు నడుముకు మొలతాడు కట్టినట్టు చుట్టూ నల్లని గీత. కాగితం మీదుగా వేసినా గంధకం లోపలికి దిగింది. ఆ గీత ఎన్నిసార్లు తుడిచినా పూర్తిగా పోలేదు, ఇప్పటికీ నీడలా కనిపిస్తుంది.

తుడవడానికి వస్తువును గట్టి బల్ల మీద కాక, మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టుకోవాలి. లోపలి పొర గుడ్డను రెండు వేళ్ల వెడల్పు మడిచి, వస్తువు పొడవు వెంట అటూ ఇటూ తిన్నగా నడిపించాలి. గుండ్రంగా తిప్పుతూ రుద్దడం మనకు గిన్నెలు తోమిన అలవాటు. నునుపైన పళ్లెం మీద అలా చేస్తే వెలుతురులో సుడులు సుడులుగా సన్నని గీతలు కనిపిస్తాయి. ఒత్తిడి ఎంత ఉండాలంటే, పసిపిల్లల ముఖం తుడిచినంత. గుడ్డ మీద నలుపు కనిపించగానే పని జరుగుతోందని అర్థం, అప్పుడు మడత మార్చి కొత్త భాగం తీసుకోవాలి. రంగు పోతున్నంతవరకే తుడవాలి, లోహం రంగు తేలగానే ఆపేయాలి. ఇంకా మెరవాలన్న ఆశతో కొనసాగించే ప్రతి నిమిషం వెండిని తింటుంది. తరువాత బయటి పొరతో, అంటే మందు లేని వైపుతో, ఒకసారి తేలికగా తుడిస్తే పొడి అవశేషం పోయి తళతళ వస్తుంది.

నకాషీ పని ఉన్న చోట మరింత జాగ్రత్త కావాలి. పళ్లెం అంచున లతలు, కలశం మీద అష్టలక్ష్ములు ఉంటే గుడ్డను ఎత్తు భాగాల మీదుగా మాత్రమే జారనివ్వాలి. గోరుకు గుడ్డ చుట్టి పల్లాల్లోకి తోయకూడదు. పల్లాల్లోని నలుపు ఉండబట్టే లక్ష్మీదేవి కన్ను, ముక్కు, చీర కుచ్చెళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ నలుపునూ తీసేస్తే విగ్రహం ముఖం బోసిపోతుంది. స్వచ్ఛతను తెలిపే 925, 990 వంటి ముద్రలు, చెక్కిన పేర్లు, పెళ్లి తేదీలు ఉన్న చోటును వదిలి చుట్టూ తుడవాలి. అవి నల్లగా ఉన్నా చదవడానికి వీలుగా ఉండడమే ముఖ్యం. కరీంనగర్ వెండి తీగ పని వస్తువుల మీద ఈ గుడ్డ అసలు పనికిరాదు. దారమంత సన్నని ఆ తీగల చుట్టలకు గుడ్డ పోగు తగులుకుంటే అతుకు ఊడుతుంది. వాటికి సబ్బునీళ్లు, మెత్తని కుంచె చాలు. బాగా నల్లబడితే ఆ పని తెలిసినవారి చేతికే ఇవ్వాలి.

కాపుదల మందు ఉన్న గుడ్డ వాడినప్పుడు ఒక విషయం మరిచిపోకూడదు. తుడిచాక పైన కంటికి కనిపించని పూత మిగులుతుంది, అదే కొన్ని నెలల పాటు వెండిని కాపాడేది. కనుక అలంకారానికీ పూజకూ ఉంచే వస్తువులను తుడిచాక కడగకూడదు. కానీ తినే కంచం, తాగే గ్లాసు, పసిబిడ్డ ఉగ్గుగిన్నె విషయంలో ఆ పూత నోట్లోకి పోకూడదు కాబట్టి వాటిని తుడిచిన తరువాత సబ్బునీళ్లతో తప్పనిసరిగా కడగాలి. ఉగ్గుగిన్నె లోపలి భాగానికి నేనైతే ఏ పాలిష్ గుడ్డా వాడను. రోజూ వాడి కడిగే వెండి అంత త్వరగా నల్లబడదు, రోజువారీ తుడుపే దానికి పాలిష్.

గుడ్డ పెట్టకూడని వస్తువులు మన ఇళ్లలో చాలా ఉన్నాయి, వాటిని గుర్తుపట్టడం తుడవడం కంటే ముఖ్యం. వన్ గ్రామ్ గోల్డ్ నగల మీద బంగారు పూత ఎంత పలుచన అంటే, రాపిడి పొడి ఉన్న గుడ్డతో కొన్నిసార్లు రుద్దితే అడుగున ఉన్న రాగి ఎర్రగా బయటపడుతుంది. వాటికి పొడి లేని మెత్తని గుడ్డ మాత్రమే. వెండి పూత వేసిన సామానుకూ ఇదే వర్తిస్తుంది. జర్మన్ సిల్వర్ అనేది పేరుకే వెండి, అందులో ఉండేవి రాగి, నికెల్, జింకు. దాని మీద వెండి పూత ఉంటే ఆ పొడి లేని గుడ్డతోనే నెమ్మదిగా, నెలకో రెండు నెలలకో ఒకసారి తుడిస్తే చాలు. ఆక్సిడైజ్డ్ వెండి నగలను కావాలనే నల్లబరుస్తారు, వాటి అందమంతా ఆ నలుపులోనే ఉంటుంది. ముత్యాలు, పగడాలు పొదిగిన నగల్లో గుడ్డ రాళ్లకు తగలకూడదు, అవి సున్నపు పదార్థంతో తయారైనవి కనుక రాపిడికి మెరుగు పోతుంది. కుందన్ నగలను పైన చెప్పినట్టు నీళ్లలో కడగను కూడా కూడదు, రాయి వెనుక ఉన్న రేకులోకి తడి చేరితే రాయి గుడ్డిదవుతుంది.

బిదిరీ వస్తువుల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే హైదరాబాదు ఇళ్లలో అవి తరతరాలుగా ఉన్నాయి, తెలియక వాటిని పాడుచేసేవారూ ఉన్నారు. బిదిరీలో వెండి కనిపిస్తుంది కానీ వస్తువు వెండిది కాదు. జింకులో కొద్దిగా రాగి కలిపి పోత పోసి, దాని మీద వెండి పొదిగి, బీదర్ కోట మట్టిని నవాసాగరంతో, అంటే అమోనియం క్లోరైడుతో, కలిపి పూసి నల్లబరుస్తారు. ఆ మట్టి జింకును నల్లబరుస్తుంది, వెండిని తాకదు. పాలిష్ గుడ్డతో వెండి తీగలు మెరుస్తాయని రుద్దితే పక్కనున్న నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది, ఆ నలుపును ఇంట్లో తిరిగి తెప్పించలేం. పొడి గుడ్డతో దుమ్ము దులిపి, ఏడాదికి ఒకటి రెండుసార్లు చుక్క కొబ్బరినూనె అద్ది తుడవడమే దానికి చేయవలసిన సేవ.

ఇత్తడి, రాగి, కంచు సామానుకు వెండి గుడ్డ వాడకూడదు, వాటి గుడ్డలు వేరే ఉంచుకోవాలి. ఇత్తడి మీద చిలుము ఆకుపచ్చగా పేరుకున్నాక ఏ గుడ్డా దాన్ని తీయలేదు. అప్పుడు మన చింతపండే మేలు. అందులోని పులుపు రాగి ఆక్సైడును కరిగిస్తుంది. అయితే ఆ పులుపు మిగిలిపోతే రెండు రోజుల్లో మళ్లీ మచ్చలు పడతాయి కాబట్టి బాగా కడిగి, ఆరబెట్టి, ఆ తరువాతే ఇత్తడి గుడ్డతో మెరుగు పెట్టాలి. రాగికీ దాని మిశ్రమాలకూ కాపుగా ఉండే బెంజోట్రయజోల్ అనే రసాయనం కలిపిన గుడ్డలు ఉన్నాయి, పెంబర్తి, బుడితి వంటి చోట్ల చేసిన గోడ పలకలకు, అలంకార పాత్రలకు అవి బాగా పనిచేస్తాయి. వంట పాత్రలకు మాత్రం వాడకూడదు. కొత్తగా కొన్న ఇత్తడి బొమ్మల్లో కొన్నింటికి పైన పారదర్శకమైన వార్నిష్ లాంటి పూత ఉంటుంది. నెలలు గడిచినా రంగు మారకపోతే పూత ఉందని అనుకోవచ్చు, దాన్ని తడిగుడ్డతో తుడిస్తే చాలు. పాత పంచలోహ విగ్రహాల జోలికి పాలిష్ గుడ్డతో వెళ్లవద్దు. వందేళ్లుగా ఏర్పడిన ముదురు రంగు వాటి వయసుకు సాక్ష్యం. వీణ మెట్లను కూడా ఇలాగే వదిలేయాలి. అవి మైనంలో కూర్చిన 24 లోహపు కడ్డీలు, పక్కకు ఒత్తి రుద్దితే మెట్టు కదిలి శ్రుతి తప్పుతుంది.

తడి దూది రకం వాడేటప్పుడు దేవుడి గదిలో కూర్చోకండి. ఆ ద్రావకం ఆవిరి మండే గుణం కలది, దీపం వెలుగుతున్న చోట డబ్బా మూత తీయకూడదు. కిటికీలు తెరిచి, దీపం లేని గదిలో, తొడుగులు వేసుకుని వాడాలి, మూత వెంటనే బిగించాలి.

తుడిచిన వెండిని ఎలా దాచామన్నదాన్ని బట్టే మళ్లీ ఎంత త్వరగా తుడవాలో తేలుతుంది. న్యూస్‌పేపరు, ఉన్ని గుడ్డ, రబ్బరు, తోలు, ఈ నాలుగూ వెండికి పడవు. ఉతికి బాగా జాడించిన తెల్లని నూలు గుడ్డ చుట్టి, జిప్ ఉన్న పాలిథిన్ సంచిలో గాలి తీసి ఉంచి, పక్కన సిలికా జెల్ పొట్లం గానీ నాలుగు సుద్దముక్కలు గానీ వేస్తే తేమ తగ్గుతుంది. అమెరికాలో ఉన్నవారికి వెండి చెంచాల పెట్టెల లోపల అతికించే గోధుమరంగు పసిఫిక్ సిల్వర్ క్లాత్ పరిచయమే అయి ఉంటుంది. ముందు చెప్పిన చుట్టిపెట్టే గుడ్డ అదే. దాని పోగుల్లో సన్నని వెండి రేణువులు ఉంటాయి. లోపలికి వచ్చిన గంధకపు వాయువును వస్తువు కంటే ముందు ఆ రేణువులే పట్టుకుంటాయి. దానితో తుడవకూడదు, ఉతకకూడదు. ఇక దీపావళి రాత్రి బయట పెట్టిన వెండి కుందులను తెల్లవారేదాకా వదిలేయవద్దు. బాణసంచాలో గంధకం ఉంటుంది, పొగ, మంచు కలిసి పడిన కుంది మరునాటికే రంగు మారుతుంది. దీపం కొండెక్కగానే లోపలికి తెచ్చి, చల్లారాక కడిగి, గుడ్డతో రెండుసార్లు తుడిస్తే సరిపోతుంది.

గుడ్డను ఉతకవచ్చా అని చాలామంది అడుగుతారు. ఉతకకూడదు. మా ఇంట్లో ఒకసారి పొరపాటున అది మిగతా బట్టలతో పాటు బకెట్లో పడింది, నీళ్లు ఇటుకపొడి కలిపినట్టు ఎర్రబడ్డాయి, గుడ్డ మామూలు జేబురుమాలుగా మిగిలింది. గుడ్డ నల్లగా మారినంత మాత్రాన దాని పని అయిపోయినట్టు కాదు, పూర్తిగా నల్లబడిన గుడ్డ కూడా చాలాకాలం మెరుగు ఇస్తుంది. వస్తువు మీది నలుపును తీసుకోవడం మాని తిరిగి వస్తువుకే అంటిస్తున్నప్పుడు దాన్ని మార్చాలి. వెండికి ఒకటి, బంగారానికి ఒకటి, ఇత్తడికి ఒకటి విడివిడిగా, ఏది దేనిదో అంచున దారంతో గుర్తు కుట్టి, మూత ఉన్న సంచుల్లో ఉంచుకోవాలి. నేల మీద పడిన గుడ్డను మాత్రం అది ఎంత కొత్తదైనా మళ్లీ వెండి మీద పెట్టకండి. దులిపినా పోగుల్లో ఇసుక మిగులుతుంది. దాన్ని తలుపు గొళ్లేలకో కుళాయిలకో కేటాయించి, వెండికి కొత్తది తీసుకోండి.